లీకు కట్టందే గ్యాస్ పట్టొద్దు!

కారు ఓనర్లకు, టాక్సీ డ్రైవరన్నలకు, లారీ సోదరులకు, షెడ్లలో పనిచేసే తమ్ముళ్లకు బెజవాడ ఆటోనగర్ నుంచి ఒక ఏసీ మెకానిక్ విన్నపం



శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోయింది. ఉగాది పచ్చడి నోట్లో పడేసరికి మా షెడ్ల ముందు కార్లు వరస కడతాయి. అద్దం దించిన ప్రతివాళ్ల నోటా ఒకటే మాట: "అన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది. కొంచెం కొట్టు. పది నిమిషాల్లో పోవాలి."

ఈ కాగితం ఆ ఒక్క మాట గురించే అచ్చు వేయించాను. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ మాట విని తలూపి, పైపు తగిలించి, గ్యాస్ కొట్టి పంపించిన రోజులు నాకూ ఉన్నాయి. అది తప్పని తెలిశాక మానేశాను. ఏసీ గ్యాస్ అయిపోదు. దాన్ని కొంచెం కొంచెం కొట్టకూడదు. పది నిమిషాల్లో ఆ పని సరిగ్గా చెయ్యగలిగిన మెకానిక్ ఎక్కడా లేడు. ఈ మూడు సంగతులూ కారున్నవాళ్లకు తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది, షెడ్డులో కుర్రాడి కళ్లు మిగులుతాయి.

గ్యాస్ ఎక్కడికి పోతుంది?

పెట్రోలు కాలుతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీ గ్యాస్ కాలదు, అరగదు. మూసేసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. గ్రిల్లు వెనకున్న కండెన్సర్‌లో బయటి గాలి తగిలి అది లిక్విడ్‌గా మారుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వులో సన్నటి దారి దాటి డ్యాష్‌బోర్డు కిందున్న కూలింగ్ కాయిల్లోకి వెళ్లి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కారు లోపలి వేడిని లాక్కుంటుంది. మన మట్టికుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్లను చల్లబరిచినట్టే ఇదీను. కుండ చెమ్మ గాలిలో కలిసిపోతుంది. కారులో గ్యాస్ మాత్రం తిరిగి కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. వచ్చి తీరాలి. రాలేదంటే దారిలో ఎక్కడో చిల్లు పడింది.

రబ్బరు హోసుల్లోంచి, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ల తరబడి కొన్ని గ్రాములు ఊరుతూ పోయే మాట నిజమే. ఆరేడేళ్లు నడిచిన కారులో కాస్త తగ్గిందంటే అది వయసు. పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే అది లీకు. హైవే మీద ముందు లారీ టైరు ఎగరేసిన కంకర కండెన్సర్‌కి తగిలి ఉండొచ్చు. పైపు జాయింటులో ఓ-రింగు ఎండి పగిలి ఉండొచ్చు. గ్యాస్ పట్టే మూతిలోని పిన్ను సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. చెత్త, తడి చేరి కూలింగ్ కాయిలు తుప్పు తిని ఉండొచ్చు. గ్యాస్‌తో పాటు నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, లీకున్న చోట నూనె మరక, దాని మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది. బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే చాలాసార్లు మీకే కనపడుతుంది.

లీకు వదిలేసి గ్యాస్ పట్టడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. అంతకన్నా నష్టం ఇంకొకటుంది. గ్యాస్‌తో పాటు నూనె కూడా పోతుంది. నూనె తగ్గిన కంప్రెసర్ పొడిగా తిరిగి, లోపలి లోహం రాలి, ఆ రజను కండెన్సర్ దాకా పాకుతుంది. ఓ-రింగు ఒక్కటి మార్చుకుంటే పోయే పని కంప్రెసర్, కండెన్సర్, తేమ పీల్చే డ్రయ్యర్ మూడూ మార్చేదాకా వస్తుంది. వేసవికి రెండుసార్లు గ్యాస్ పట్టించుకుంటూ, మూడో ఏడు కంప్రెసర్ కూడా పోగొట్టుకున్న టాక్సీ అన్నలు ఈ కాగితం చదివేవాళ్లలోనే ఉన్నారు. ఆ డబ్బు ఎన్ని ట్రిప్పుల కష్టమో మీకే తెలుసు.

చల్లదనం తగ్గితే ముందు గ్యాస్ మీద అనుమానం వద్దు

గ్లోవ్ బాక్సు వెనక క్యాబిన్ ఫిల్టరు ఉంటుంది. చాలా కార్లలో స్క్రూడ్రైవరు కూడా లేకుండా చేత్తో తీయొచ్చు. మా దగ్గరికి వచ్చే కార్లలో అది వేపాకులూ వెంట్రుకలూ దుమ్మూ కలిసి అట్ట కట్టి ఉంటుంది. గాలే రానప్పుడు చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ తర్వాత కండెన్సర్ చూడండి. సన్నటి రేకుల మధ్య పురుగులు, రోడ్డు మట్టి, కోతల కాలంలో అయితే వడ్ల పొట్టు కూడా ఇరుక్కుంటుంది. మెల్లటి నీటిధారతో కడిగితే పోతుంది. ప్రెషర్ వాషరు దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, అది మాత్రం చెయ్యకండి.

కారు పరిగెత్తుతున్నంతసేపూ చల్లగా ఉండి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే ముందు చూడాల్సింది కండెన్సర్ ఫ్యాను. గన్నవరం వైపు నుంచి ఒక పంతులుగారు ఇదే బాధతో వచ్చారు. అప్పటికే వేరేచోట రెండుసార్లు గ్యాస్ పట్టించారు. నేను బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాను తిరగడం లేదు. అసలే వేడి వదలలేని కండెన్సర్‌లోకి ఇంకా గ్యాస్ కుక్కేసరికి ప్రెషరు పెరిగిపోయి కంప్రెసర్ మూలగడం మొదలుపెట్టింది. ఫ్యాను మోటారు మార్చి, ఎక్కువైన గ్యాస్ తీసేసి తూకం ప్రకారం పట్టాం. కొత్త గ్యాస్ కొనాల్సిన పనే పడలేదు. ఆయన రెండుసార్లు కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఆ పైపుల్లో ఏముందో తెలుసుకోండి

ఇది అందరికన్నా షెడ్డు తమ్ముళ్ల కోసం రాస్తున్నాను. ఓనర్లు కూడా చదవండి, మీరు తొందరపెట్టేది ఎవరినో తెలుస్తుంది.

కారు టైరులో 32 పాయింట్ల గాలి పెడతాం. అది పేలితేనే గుండె ఆగినంత పనవుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆర్-134ఎ గ్యాస్, బయట 40 డిగ్రీలుంటే, కారు ఆపి ఉన్నా పైపుల్లో 130 పాయింట్లకు పైగా ఉంటుంది. ఏసీ వేసి నడిపిస్తే, కంప్రెసర్ నొక్కి పంపే హైపక్క 200, 250 దాటడం మామూలే. అంటే టైరుకి ఏడెనిమిది రెట్లు. ఆ గ్యాస్ గాలిలోకి వదిలితే సున్నాకి 26 డిగ్రీలు దిగువన మరుగుతుంది. చర్మం మీద పడ్డ లిక్విడ్ రెప్పపాటులో మాంసాన్ని గడ్డకట్టిస్తుంది. నా ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు చివరలు ఇప్పటికీ మొద్దుగా ఉంటాయి. గ్లౌజులు లేకుండా ఒక హోసు విప్పాను, అంతే. వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లబడి, సాయంత్రానికి బొబ్బలు లేచాయి.

నాది చిన్న దెబ్బ. నాకు పదిహేడేళ్లున్నప్పుడు పనిచేసిన షెడ్డులో జరిగింది చెప్తాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఒక కారుకి గ్యాస్ పడుతున్నారు. ఇంజను నడుస్తోంది. చిన్న క్యాను పసుపు హోసుకి తగిలించి ఉంది. బయట ఓనరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. త్వరగా ఎక్కుతుందని మేస్త్రి "రెండూ తిప్పెయ్యరా" అన్నాడు. నా తోటి కుర్రాడు గేజీ సెట్టు మీద నీలం పిడితో పాటు ఎర్ర పిడి కూడా తిప్పాడు. హైపక్కనున్న ప్రెషరంతా వెనక్కి క్యానులోకి తన్నింది. చేతిలో పట్టుకున్న ఆ రేకు డబ్బా అడుగు ఊడి ఎగిరింది. నేనే వాడి తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇవాళ అతనికి నా వయసే. ఎడమ కంటికి వెలుతురు తప్ప మనిషి ఆనడు. ఆ రోజు ఆ షెడ్డు మొత్తం మీద కళ్లద్దాల జత ఒక్కటి కూడా లేదు.

తమ్ముడూ, ఇది నీ గోడ మీద రాసి పెట్టుకో: ఇంజను నడుస్తుండగా ఎర్ర పిడి ముట్టుకోవద్దు. ఎవరు చెప్పినా వద్దు, మేస్త్రి చెప్పినా వద్దు. ఆర్-134ఎ కార్లలో ప్రెషరు తక్కువుండే లోపక్క మూతి 13 మిల్లీమీటర్లు, హైపక్క మూతి 16 మిల్లీమీటర్లు. పొరపాటున కూడా ఒకదాని హోసు ఇంకొకదానికి ఎక్కకూడదనే అలా చేశారు. అడాప్టరు వేసి ఎక్కిస్తే, ఆ తయారుచేసినవాడు మన కోసం పెట్టిన కాపలాని మనమే తీసేసినట్టు.

గ్యాస్ ఎక్కడం లేదని క్యాను కింద మంట చూపించడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ డబ్బా 50 డిగ్రీలు దాటకూడదు. అంతగా కావాలంటే చెయ్యి పెట్టగలిగిన గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టు. ఎండలో మూసిన కారులో క్యాను వదలొద్దు. ఇంజను నడుస్తుండగా క్యాను తలకిందులు చేసి లోపక్క నుంచి లిక్విడ్ తోయొద్దు. కంప్రెసర్ ఆవిరిని నొక్కగలదు, లిక్విడ్‌ని నొక్కలేదు. లోపలి వాల్వులు విరుగుతాయి.

గ్యాస్ పడుతున్న చోట బీడీ, సిగరెట్టు, వెల్డింగు ఉండకూడదు. ఆర్-134ఎ మామూలుగా అంటుకోదని అందరూ ధీమాగా ఉంటారు. కానీ మంటలో పడితే అది విరిగి, ఊపిరితిత్తుల్ని కాల్చే ఆమ్లపు ఆవిరిగా మారుతుంది. గాలికన్నా మూడున్నర రెట్లు బరువు కాబట్టి కారు కింద పనిచేసే గుంటలోకి, ర్యాంపు కిందికి దిగి నిలబడిపోతుంది. వాసన పెద్దగా ఉండదు. గుంటలో ఉన్నవాడికి ఊపిరి తగ్గిపోతోందని తెలిసేలోపే తల తిరిగి పడిపోతాడు. షట్టరు మూసి, ఫ్యాను ఆపి ఈ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

సరైన పని ఎలా ఉంటుంది?

కారు ఇచ్చేటప్పుడు మీ మెకానిక్ ఏం చేస్తున్నాడో నిలబడి చూడండి. మంచి పనివాడు దానికి నొచ్చుకోడు.

పైపుల్లో ఉన్న గ్యాస్‌ని ముందు రికవరీ మిషనుతో సిలిండరులోకి లాగాలి. పిన్ను నొక్కి గాలిలోకి వదలకూడదు. తర్వాత లీకు వెతకాలి. నైట్రోజన్ నింపి, జాయింట్ల మీద సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. నైట్రోజన్ సిలిండరుకి రెగ్యులేటరు తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే ఆ ప్రెషరుకి కాయిలే చీలిపోతుంది. పక్క వెల్డింగు షాపులో ఆక్సిజన్ దొరుకుతుంది కదా అని దానితో టెస్టు చేసేవాళ్లున్నారు. దండం పెట్టి చెప్తున్నాను, ఆ పని చెయ్యొద్దు. ప్రెషరులో ఉన్న ఆక్సిజన్ నూనెకి తగిలితే బాంబే. పంక్చరు షాపు గాలి కూడా వద్దు. అందులో తేమ ఉంటుంది, పైగా ఆర్-134ఎ కూడా ప్రెషరులో గాలితో కలిస్తే అంటుకోగలదు.

లీకు దొరికాక బాగుచేసి, డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ పెట్టాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ మెట్టే, ఎందుకంటే ఇక్కడ చేసేదేమీ కనపడదు, టైమ్ మాత్రం పోతుంది. వాక్యూమ్ పంపు గాలిని మాత్రమే తీస్తుందనుకుంటారు. అసలు పని తేమని తీయడం. పైపుల్లో ప్రెషరు బాగా పడిపోతే, మన ఊరి 30 డిగ్రీల వేడికే లోపలి నీళ్లు మరిగి ఆవిరై బయటికొస్తాయి. అది క్షణాల్లో అయ్యేది కాదు, కనీసం అరగంట పడుతుంది. తేమ మిగిలితే వాల్వు దగ్గర మంచు కట్టి దారి మూసుకుంటుంది. కొన్నాళ్లకి నూనెతో, గ్యాస్‌తో కలిసి ఆమ్లమై లోపల్నుంచి తినేస్తుంది. పంపు ఆపాక పిడులు మూసి పది పదిహేను నిమిషాలు ఆగాలి. గేజీ ముల్లు కదలకుండా నిలబడాలి. వెనక్కి వస్తోందంటే లీకు ఇంకా ఉంది, గ్యాస్ పట్టడానికి లేదు.

ఇక తూకం. బానెట్ కింద ఒక స్టిక్కరు ఉంటుంది. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో దాని మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకి అర కిలో లోపే సరిపోతుంది. వెనక సీట్లకి వేరే ఏసీ ఉన్న పెద్ద బళ్లకి ఎక్కువ. అంత చిన్న లెక్కలో 100 గ్రాములు తేడా వస్తే పని చెడుతుంది. తక్కువైతే చల్లదనం రాదు, కంప్రెసర్‌కి నూనె అందదు. ఎక్కువైతే ప్రెషరు పెరిగి చల్లదనం తగ్గుతుంది. పైపు చేత్తో పట్టుకుని "చల్లబడింది, చాలు" అనడం, లోపలి గ్యాస్ కనపడే గాజుకంటిలో బుడగలు పోయేదాకా కొట్టడం పాత ఆర్-12 గ్యాస్ రోజుల అలవాట్లు. గేజీ ముల్లు చూసి పట్టడం కూడా చాలదు. రెంటచింతల మే ఎండలో ఒక రీడింగు, డిసెంబరు తెల్లవారుజామున ఇంకో రీడింగు వస్తుంది, గ్యాస్ మాత్రం అంతే ఉంటుంది. కంసాలి బంగారాన్ని చేత్తో పట్టి చూసి ధర కట్టడు. గ్యాస్‌కి కూడా కాటా కావాలి.

తప్పు గ్యాస్ అంటే కారులో పెట్టిన పొయ్యి

చవగ్గా వస్తుందని వంటగ్యాస్ లాంటి గ్యాసుల్ని కారు ఏసీలో నింపేవాళ్లున్నారు. చల్లబడుతుంది, అదే ప్రమాదం. ఓనరుకి ఏమీ తెలియదు. కూలింగ్ కాయిలు డ్యాష్‌బోర్డు లోపల, పిల్లలు కూర్చునే క్యాబిన్లో ఉంటుంది. అది లీకైతే మండే గ్యాస్ మూసిన అద్దాల మధ్య చేరుతుంది. ఒక స్విచ్చి నిప్పురవ్వ చాలు. కారు ఏసీని అలాంటి గ్యాస్ కోసం తయారుచెయ్యలేదు. నింపితే తప్పు, తెలిసి నింపించుకుంటే ఇంకా పెద్ద తప్పు.

ఇంటి ఏసీ మెకానిక్ సంచిలో ఉన్న గ్యాస్ కూడా వద్దు. ఇళ్లలో కొత్త ఏసీలకి వాడే ఆర్-32, అదే 40 డిగ్రీల వేడిలో 340 పాయింట్లు దాటుతుంది. మన కారు గ్యాస్‌కి రెండున్నర రెట్లు. పైగా అంటుకునే గుణం ఉంది. ఆర్-22 ప్రెషరు కూడా ఎక్కువే, దానికి వాడే నూనె వేరు.

లేబులు సరిగ్గా లేని చవక సిలిండరు ఇంకా భయంకరం. 2011లో సముద్రంలో సరుకు మోసే శీతల కంటైనర్లు కొన్ని పేలి ముగ్గురు పనివాళ్లు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో అమ్మిన కల్తీ గ్యాస్‌లో ఆర్-40 అనే రసాయనం కలిసింది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు తనంతట తనే భగ్గుమనే పదార్థంగా మారుతుంది. మన కారు కండెన్సరూ కూలింగ్ కాయిలూ అల్యూమినియమే. సిలిండరు రంగు చూసి నమ్మకండి, రంగు ఎవరైనా వేస్తారు. తెలిసిన డీలరు దగ్గర, బిల్లు మీద కొనండి.

ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే కొత్త గ్యాస్ వస్తోంది. కాస్త అంటుకునే గుణం ఉన్నది. దాని మూతులు, మిషను వేరు. స్టిక్కరు చదవకుండా పైపు తగిలించకండి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల విషయం ఒక్క మాటలో: నారింజ రంగు వైర్లు కనపడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆ కంప్రెసర్ మనిషిని చంపగల కరెంటుతో తిరుగుతుంది, మోటారు నూనెలోనే మునిగి ఉంటుంది. దానికి పీవోఈ అనే కరెంటు పారని నూనె కావాలి. మామూలు కారుకి వాడే పీఏజీ నూనె, హోసులో మిగిలిన కాస్త కలిసినా ఆ రక్షణ దెబ్బతింటుంది. నేర్చుకున్నవాళ్లు, దానికోసం వేరే హోసులు ఉన్నవాళ్లు మాత్రమే చేయాలి.

డబ్బా గ్యాస్ తెచ్చుకుని ఇంట్లోనే కొట్టుకోవచ్చని వీడియోలు చూసి కొందరు తమ్ముళ్లు కొంటున్నారు. మీరు క్యాబిన్ ఫిల్టరు మార్చుకోండి, కండెన్సర్ కడుక్కోండి, లీకు మరక వెతకండి. గ్యాస్ మాత్రం వదిలెయ్యండి. ఆ డబ్బా లీకు కనిపెట్టలేదు, తేమ తీయలేదు, లోపల అప్పటికే ఎంతుందో చెప్పలేదు. లీకు మూసే మందు కలిపిన డబ్బాలైతే అసలే వద్దు. ఆ జిగురు రేపు వాల్వునీ, షెడ్డులో మిషన్నీ కూడా పూడుస్తుంది.

గాలిలోకి వదిలిన గ్యాస్ ఎక్కడికీ పోదు

మా మేస్త్రుల కాలంలో కార్లలో ఆర్-12 ఉండేది. అది ఆకాశంలో ఓజోన్ పొరని తినేస్తోందని తేలాక ప్రపంచ దేశాలు 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి మనలాంటి దేశాలు కూడా ఆ గ్యాస్‌ని మానేశాయి. దాని బదులొచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ని తినదు, కానీ భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో వదిలితే 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత. చిన్న కారులోని అర కిలో గ్యాస్ పిన్ను నొక్కి వదిలేస్తే, దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత వేడి మన పిల్లల నెత్తిన పెట్టినట్టు. అందుకే 2016లో కిగాలీలో ఈ గ్యాసుల్ని కూడా తగ్గించాలని ఒప్పుకున్నారు. భారతదేశం 2021లో దాన్ని ఆమోదించింది. 2032 నుంచి మొదలుపెట్టి 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. అంటే ఈ గ్యాస్ ముందు ముందు దొరకడమే కష్టమవుతుంది. ఇవాళ గాలిలోకి వదిలేది రేపు వెతుక్కోవాల్సిందే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అనేవాళ్లు. ఆ ఎండని భరించలేకే కదా ఏసీ వేసుకుంటున్నాం. ఆ ఏసీ బాగుచేసే పేరుతో ఎండని ఇంకా పెంచే పని మన చేతులతో మనం చెయ్యొద్దు.

షెడ్డు ఓనర్లకి

అన్నా, పని ఇంకా పెరగబోతోంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకి డ్రైవరు క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. మన ఆటోనగర్‌కి వచ్చే లారీలెన్నో నీకు తెలుసు. ఇన్నేళ్లు ఇంజను వేడి పక్కన ఉడికిన డ్రైవరన్నలకి అది న్యాయంగా రావాల్సిన చల్లదనం. దాన్ని సరిగ్గా చూసుకునే పనివాళ్లు కావాలి. రికవరీ మిషను ఒక్కడికి బరువైతే పక్కపక్క షెడ్ల వాళ్లు నలుగురు కలిసి కొనండి. కాటా, వాక్యూమ్ పంపు మాత్రం ప్రతి షెడ్డుకీ ఉండాలి. ప్రతి కుర్రాడికీ పక్కలు కూడా మూసే కళ్లద్దాలు, గ్లౌజులు ఇవ్వండి. పెట్టుకోనివాడిని పనిలోకి దిగనివ్వకండి. వాడి తల్లి వాడిని మనకి అప్పజెప్పి పంపింది.

దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో అందరికీ నేర్పండి. కంట్లో గ్యాస్ పడితే నలపకూడదు. రెప్పలు తెరిచి శుభ్రమైన మామూలు నీళ్లతో పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నొప్పి తగ్గినా తీసుకెళ్లాలి. చర్మం మీద పడితే ఉంగరం, వాచీ తీసేసి గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి. రుద్దకూడదు, వేడినీళ్లు పొయ్యకూడదు, మంట దగ్గర కాచకూడదు. బట్ట అంటుకుపోతే లాగకుండా నీళ్లతో తడపాలి. ఎవరైనా గ్యాస్ పీల్చి తూలితే గాలిలోకి తెచ్చి కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యాలి. గుంటలో పడిపోయినవాడి కోసం మీరూ ఊపిరి బిగించి దూకకండి. ముందు ఫ్యాను పెట్టి గాలి తోలండి.

కారున్న ప్రతి ఒక్కరికీ

ఈ వేసవిలో ఏసీ పనికి మధ్యాహ్నం రాకండి, పొద్దున్నే రండి. కారు సగం రోజు వదిలి వెళ్లండి. "లీకు ఎక్కడ దొరికింది? వాక్యూమ్ ఎంతసేపు పెట్టావు? ఎన్ని గ్రాములు పట్టావు?" అని అడగండి. మూడింటికీ జవాబు బిల్లు మీద రాయించుకోండి. జవాబు చెప్పలేనిచోట తాళాలు వెనక్కి తీసుకోండి. జవాబు చెప్పినచోట బేరం ఆడకండి, ఆ అరగంట వాక్యూమ్‌కి కూడా కూలి ఇవ్వండి. తక్కువకి, త్వరగా కావాలని మీరు అడిగినప్పుడే షెడ్డులో ఎర్ర పిడి తిరుగుతుంది. కుర్రాడు కళ్లద్దాలు లేకుండా మీ బానెట్ కిందికి వంగితే "అద్దాలు పెట్టుకో బాబూ, నేను ఆగుతాను" అనండి. ఆ మాట మేస్త్రి చెప్పినదానికన్నా మీరు చెప్తే ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడే బానెట్ ఎత్తి ఆ స్టిక్కరు చూడండి. మీ కారుకి ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో ఈ కాగితం వెనక ఖాళీలో రాసుకుని గ్లోవ్ బాక్సులో పెట్టుకోండి. స్టిక్కరు చిరిగిపోయి ఉంటే కారు పుస్తకంలోనో కంపెనీ సర్వీసులోనో కనుక్కుని రాయండి. ఇంకో కాపీ కావాలంటే ఏ జిరాక్స్ షాపులోనైనా తీయించండి, మీ స్టాండులో పంచండి.

— కారు ఏసీ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ